పని నొప్పి అని నేనే అన్నాను

ఈసారి మిరప రేటు గురించో, తామర పురుగు గురించో కాదు. ఒంటి నొప్పుల గురించి రాస్తున్నా. పోస్టు పెద్దదే, ఓపిక ఉన్నప్పుడు చదవండి. మీ ఇంట్లో ఎవరికైనా చర్మం మీద పొలుసుల మచ్చలు ఉంటే మాత్రం ఇప్పుడే చదవండి.

మా ఇంటావిడ సంగతి ఇది. ఆమెని అడిగి, సరే అన్నాకే రాస్తున్నా. "నా పేరు పెట్టొద్దు, మిగతాదంతా రాయి, ఎవరికైనా పనికొస్తుంది" అంది.

ఆరేళ్ల కిందట మొదట మడమ నొప్పి అంది. పొద్దున మంచం దిగి కాలు కింద పెడితే మేకు మీద పెట్టినట్టు ఉందని. నేనేం చేశాను? మెత్తటి చెప్పులు కొనిచ్చాను. "మిరప కోతలకి రోజంతా నిలబడుతున్నావు, పని నొప్పిలే, కోతలైతే అదే పోతుంది" అన్నాను. కోతలయ్యాయి, వేసవి వెళ్లింది, నొప్పి పోలేదు. తర్వాత చేతివేళ్లు పట్టేస్తున్నాయి అంది. మాకు రెండు గేదెలు. తెల్లవారుజామున పాలు ఎప్పుడూ ఆమే తీసేది. "ఈ పూట నువ్వు తియ్యవయ్యా, పిడికిలి మూతపడట్లేదు" అనేది. గేదె నాకు చేపదు. నాకు విసుగు. ఎండెక్కాక చూస్తే ఆమె మామూలుగా అంట్లు తోముతుంటుంది, బట్టలు పిండుతుంటుంది. అప్పుడు నా మనసులో అనుకున్నమాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. పాలు తీయడానికి లేని బలం బట్టలు పిండటానికి ఎలా వచ్చింది అనుకున్నాను.

అసలు గుర్తు అదేనని నాలుగేళ్ల తర్వాత తెలిసింది.

మనం రోజూ పడే పని నొప్పి సాయంత్రం వస్తుంది. పడుకుంటే పొద్దుటికి తగ్గుతుంది. ఈ జబ్బు నొప్పి దానికి తలకిందులు. పడుకుని లేస్తే ఎక్కువ, కదిలే కొద్దీ తక్కువ. పొద్దున లేచాక అరగంట, గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అరిగిపోయిన మోకాళ్లు కూడా లేవగానే పట్టేస్తాయి, కానీ అవి నాలుగడుగులు వేస్తే, పది నిమిషాల్లో సడలిపోతాయి. నడుం కూడా అంతే. బస్తా మోసి పట్టేసిన నడుం పడుకుంటే హాయిగా ఉంటుంది. ఈ జబ్బు నడుముకి వస్తే తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది, లేచి వాకిట్లో తిరిగితే తగ్గుతుంది. ఈ ఒక్క తేడా నాకు ముందే ఎవరన్నా చెప్పి ఉంటే బాగుండేది. మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని పదేళ్ల పిల్లాడు కూడా చెబుతాడు మా ఊళ్లో. పైముడతకి కొట్టే మందు కింది ముడతకి కొడితే డబ్బు దండగ అని తెలుసు. మనిషి కీళ్లకి వచ్చేసరికి మాత్రం అన్నింటికీ ఒకటే పేరు, పని నొప్పి. ఒకటే వైద్యం, సూది.

ఆ సూది సంగతికి వస్తా. దానికంటే ముందు మెట్టెల సంగతి చెప్పాలి.

మడమ నొప్పి మొదలైన రెండో ఏడు సంక్రాంతి ముందు ఆమె ఎడమకాలి బొటనవేలి పక్క వేలు వాచింది. మామూలుగా దెబ్బ తగిలితే ఒక కణుపు దగ్గర వాస్తుంది. ఇది అలా కాదు. వేలు మొదలు నుంచి గోరు దాకా మొత్తం ఒకటే మందాన, చిన్న చిలగడదుంపలాగా ఉబ్బింది. రంగు కూడా నల్లబారింది. మెట్టె మాంసంలోకి దిగిపోయింది. సబ్బు రాశాం, నూనె రాశాం, రాలేదు. చివరికి కంసాలి దగ్గరికి తీసుకెళ్లి కత్తిరించాం. పండగ పూట మెట్టె కత్తిరించాల్సి వచ్చిందని ఆమె ఏడ్చింది. మా అమ్మ దేవుడికి ముడుపు కట్టింది. అలా వేలు మొత్తం వాయడం ఈ జబ్బుకి పెద్ద గుర్తు అన్న సంగతి కంసాలికి తెలియకపోవడంలో తప్పు లేదు. తర్వాత చూపించిన చోట కూడా ఎవరూ ఆ మాట అనలేదు.

రక్తం పరీక్షలో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ ఉందన్నారు. పప్పు మానెయ్, మాంసం మానెయ్ అన్నారు, మాత్రలు ఇచ్చారు. ఏడాది పాటు ఆ మనిషి పప్పు ముట్టలేదు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉండటం మామూలేనట, ఆ అంకె ఒక్కటి చూసి ఫలానా జబ్బని తేల్చకూడదట. ఇంకోచోట కీళ్లవాతం పరీక్ష రాశారు. ఆర్ ఏ ఫ్యాక్టర్ అంటారు దాన్ని. నెగెటివ్ వచ్చింది. "నీకు వాతం లేదమ్మా, నిశ్చింతగా ఉండు" అన్నారు. నేను స్వీట్లు కొన్నాను ఆరోజు. ఈ జబ్బులో ఆ పరీక్ష మామూలుగా నెగెటివే వస్తుంది. ఇది వేరే రకం వాతం. ఒంట్లో వాపుని చూపించే ఈఎస్ఆర్, సీఆర్పీ కూడా చాలామందిలో మామూలుగానే ఉండొచ్చు. ఈ ఒక్క పరీక్ష చేస్తే తేలిపోతుంది అనే పరీక్ష దీనికి లేదు. చర్మం, గోళ్లు, కీళ్లు, ఇంట్లోవాళ్ల చరిత్ర, ఎక్స్‌రే అన్నీ కలిపి చూసి డాక్టరు తేల్చాలి. కాగితం మీద "నార్మల్" అని ఉంది కదా అని మనం ఊరుకుంటే మోసపోతాం.

2006లో మన దగ్గర చికున్‌గున్యా ఊళ్లకి ఊళ్లని పడగొట్టింది గుర్తుందా? అప్పటి నుంచి కీళ్ల నొప్పి అంటే "ఆ జ్వరం తాలూకు" అనేమాట కూడా ఒకటి స్థిరపడిపోయింది. మా ఆమెకీ అదే అన్నారు కొందరు చుట్టాలు.

ఇక సూది. ఊళ్లో చూసే ఆయన దగ్గరికి వెళితే రెండు సూదులు కలిపి వేసేవాడు. మర్నాటికి మనిషి లేడిపిల్ల. పదిహేను రోజులు, ఇరవై రోజులు బాగుండేది. మళ్లీ మొదలు. నేనే బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాణ్ణి, కాబట్టి ఆయన్ని తిట్టే హక్కు నాకు లేదు. ఆ రెండో సూది స్టిరాయిడ్ అని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. స్టిరాయిడ్ చెడ్డదని నేను అనడం లేదు. డాక్టరు లెక్క ప్రకారం వాడే సందర్భాలు ఉంటాయట. కానీ ఏ జబ్బో తెలియకుండా వేస్తే వాపు తాత్కాలికంగా అణిగిపోయి గుర్తులు కనపడవు, లోపల కీలు పాడవుతూనే ఉంటుంది. పైగా సోరియాసిస్ ఉన్నవాళ్లకి స్టిరాయిడ్ ఒంట్లో పడి ఆగిపోయినప్పుడు చర్మం ఒక్కసారిగా ఎదురు తిరగొచ్చు. మా ఆమెకి అదే జరిగింది. ఒక విడత సూదుల తర్వాత తలలో ఉన్నది చెవుల వెనక్కి, మెడ మీదికి, నడుం కిందికి దిగింది.

తలలో ఉన్నది అన్నాను కదా. అది పదేళ్లుగా ఉంది. మేం చుండ్రు అనుకున్నాం. మందంగా పొలుసులు, దువ్వితే జాకెట్టు మీద రాలేవి. వేపాకు, నిమ్మకాయ, షాంపూలు అన్నీ అయ్యాయి. మోచేయి దగ్గర చిన్న మచ్చ ఉంటే తామర అని మందుల షాపు ట్యూబు రాసింది. నాకు చూపించడానికే మొహమాటపడేది. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులవి. తల్లికి చర్మం జబ్బుందని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని ఆమె భయం. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్లు వేసుకునేది. ఒక మాట గట్టిగా చెప్పాలి: సోరియాసిస్ అంటుకోదు. పక్కన కూర్చుంటే రాదు, దువ్వెన వాడితే రాదు, కలిసి తింటే రాదు. అది గజ్జి కాదు, తామర కాదు, కుష్టు కాదు, పాపం చేస్తే వచ్చేది అసలే కాదు. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటున మన చర్మం మీదికి, మన కీళ్ల మీదికి తిరగబడటం. ఆ సిగ్గు వల్లే చర్మం దాచుకుంటాం. చర్మం దాచుకుంటే కీళ్ల డాక్టరుకి సగం ఆధారం మాయమైనట్టే.

ఇంకో ఇబ్బంది ఉంది. ఫోన్లో వెతికితే తెల్లవాళ్ల ఒంటి మీద ఎర్రటి మచ్చలు చూపిస్తారు. మన రంగులో అంత ఎర్రగా కనపడదు. ముదురు గోధుమ రంగులోనో, వంకాయ ఛాయలోనో ఉండి, పైన బూడిద రంగు పొలుసు ఉంటుంది. ఫొటోలో లాగా లేదు కాబట్టి మాకు అది లేదు అనుకోవద్దు. మచ్చలు ఒళ్లంతా ఉండక్కర్లేదు కూడా. తలలో, చెవి వెనక, బొడ్డులో, పిరుదుల మధ్య చీలికలో రూపాయి బిళ్లంత ఉన్నా చాలు. తలలో, గోళ్లలో, ఆ చీలికలో ఉన్నవాళ్లకి కీళ్లకి పాకే అవకాశం ఎక్కువని చెబుతారు.

గోళ్ల గురించి మనవాళ్లు అస్సలు పట్టించుకోరు. పొలం పని చేసేవాళ్ల గోళ్లు ఎలాగూ బాగుండవు, బురదలో నాని పుచ్చిపోతాయి అనుకుంటాం. ఈ జబ్బులో గోరు మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. గోరు కొస కింది నుంచి విడిపోయి పైకి లేస్తుంది, లేదా కింద మందంగా పొక్కు పేరుతుంది. మా ఆమెకి కుడిచేతి మూడు గోళ్లకి ఉన్నాయి. మిరపకాయ తొడిమ గిల్లి గిల్లి అలా అయ్యాయనుకున్నాం. కీళ్లకి పాకినవాళ్లలో చాలా ఎక్కువమందికి గోళ్లలో ఏదో ఒక గుర్తు ఉంటుంది. గోరు పక్కనే ఉండే చివరి కణుపు వాయడం కూడా ఈ జబ్బు ప్రత్యేకం. మామూలు కీళ్లవాతం రెండు చేతులకీ సమానంగా వస్తుందంటారు, చివరి కణుపుల జోలికి అంతగా వెళ్లదు. ఇది చాలాసార్లు ఒక పద్ధతి లేకుండా వస్తుంది. కుడిచేతి వేలు ఒకటి, ఎడమ మోకాలు, ఒక మడమ. అందుకే ఒకచోట నొప్పికి ఒక డాక్టరు, ఇంకోచోట నొప్పికి ఇంకో డాక్టరు అని తిరుగుతాం.

మాకు అసలు దారి చూపించింది చర్మం డాక్టరమ్మ. గుంటూరులో. చెవి వెనకది బాగా ముదిరిందని వెళ్లాం. చూసి, ఇది చుండ్రు కాదు, సోరియాసిస్ అంది. మందు రాసి, కాగితం చేతికి ఇవ్వబోతూ ఆగి, "పొద్దున లేవగానే వేళ్లు పట్టేస్తాయా అమ్మా?" అని అడిగింది. అంతే, ఆ ఒక్క ప్రశ్న. మా ఆమె నా మొహం చూసింది. మేం ఎముకల డాక్టరు దగ్గర చర్మం సంగతి చెప్పలేదు, చర్మం డాక్టరు దగ్గర కీళ్ల సంగతి చెప్పే ఉద్దేశం కూడా లేదు. రెండూ ఒకటే జబ్బని ఎలా తెలుస్తుంది మనకి? చెప్పులు విప్పించి వేళ్లు చూసింది, గోళ్లు చూసింది, రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లమని రాసింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఎముకలు విరిగితే కట్టు కట్టే డాక్టరు వేరు, ఈ వాతం జబ్బులు చూసే డాక్టరు వేరు. రుమటాలజిస్టులు అన్ని ఊళ్లలో ఉండరు, పెద్ద ఊరికి వెళ్లాలి. హైదరాబాద్ నిమ్స్‌లో దానికి ప్రత్యేకంగా విభాగమే ఉంది.

జబ్బు పేరు సోరియాటిక్ ఆర్థరైటిస్. సోరియాసిస్ ఉన్న 100 మందిలో 30 మంది దాకా ఇది కీళ్లకి పాకే అవకాశం ఉంది. ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య బయటపడుతుంది, ఆడా మగా తేడా లేదు. చాలామందికి ముందు చర్మం మీద వస్తుంది, కీళ్లకి రావడానికి ఏళ్లు, ఒక్కోసారి పదేళ్లు పడుతుంది. కొద్దిమందికి కీళ్లే ముందు, చర్మం తర్వాత. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టి వెలుతురు చూడలేకపోవడం కూడా దీంతో రావొచ్చు, అది కండ్లకలక అనుకుని చుక్కలు వేసుకుని కూర్చోకుండా వెంటనే కంటి డాక్టరుకి చూపించాలి. ఊరికే నీరసం, పని చేయకుండానే అలసట, అదీ జబ్బులో భాగమేనట. బద్ధకం అని నేను అనుకున్న దానికి కూడా పేరుంది అన్నమాట.

ఎక్స్‌రే తీస్తే కుడిచేతి రెండు వేళ్ల చివర కణుపుల్లో ఎముక కొరికేసినట్టు ఉంది. ఆరు నెలలు ఆలస్యమైనా కీళ్లకి శాశ్వత నష్టం జరగొచ్చని చెప్పారు. మేం నాలుగేళ్లు చేశాం. ఆ రెండు వేళ్లూ ఇక నిటారుగా రావు. మిగతావి కాపాడుకోవడమే ఇప్పుడు.

మందుల గురించి ఎక్కువ రాయను, నేను డాక్టర్ని కాదు. ఒక్కటి మాత్రం ప్రాణం మీదికి వచ్చే సంగతి కాబట్టి చెబుతా. ఈ జబ్బుకి చాలామందికి మెథోట్రెక్సేట్ అనే మాత్ర ఇస్తారు. అది వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే మనిషి ప్రాణానికే ముప్పు. చదువురాని వాళ్లకి చీటీ ఇచ్చి "ఇది వేసుకో" అంటే రోజూ వేసుకునే ప్రమాదం ఉంది. మా ఇంట్లో క్యాలెండర్ మీద ప్రతి ఆదివారం చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాను. రక్తం పరీక్షలు చెప్పిన టైముకి చేయించాలి. మందు తాగే మగవాళ్లు మాత్రం ఆ అలవాటు డాక్టరుకి దాచొద్దు, లివరు పోతుంది. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లూ, మగవాళ్లూ ముందే చెప్పాలి. ఖరీదైన ఇంజెక్షన్లు కూడా ఉన్నాయట, అవి మొదలుపెట్టే ముందు టీబీ ఉందా లేదా చూస్తారు. మా ఆమెకి మాత్రలతోనే నడుస్తోంది, వాటి ధర పెద్దదేం కాదు. మేం సూదులకీ, యూరిక్ యాసిడ్‌కీ, తిరుగుళ్లకీ పెట్టిన డబ్బుతో ఇవి ఎన్నేళ్లు వచ్చేవో లెక్కేస్తే కడుపు మండుతుంది.

నా అభిప్రాయం చెబుతా. కాయకష్టం చేసేవాళ్లకి నొప్పులు సహజం అనే మాట మనకి మనమే వేసుకున్న బేడీ. డాక్టర్లు కూడా మన చేతుల కాయలు చూసి ముందే నిర్ణయానికి వచ్చేస్తారు. ఆడవాళ్ల విషయంలో మరీ. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి వేలు వాస్తే ఎందుకు వాచిందని వెతుకుతారు. కూలికెళ్లే మనిషి వేలు వాస్తే గుళిక ఇచ్చి పంపుతారు. ఇళ్లకి వచ్చి బీపీ, షుగర్ చూసి వెళుతున్నారు కదా ఏఎన్ఎం అమ్మాయిలు, ఆశా అమ్మాయిలు. వాళ్ల ప్రశ్నల్లో ఇంకో రెండు చేర్చితే ఏం పోతుంది? పొద్దున లేచాక ఎంతసేపటికి పిడికిలి మూసుకుంటుంది? ఒంటి మీద, తలలో పొలుసులు ఉన్నాయా? పైసా ఖర్చు లేదు. అక్టోబర్ 29 ప్రపంచ సోరియాసిస్ రోజట. ఆరోజు పట్నంలో బ్యానర్లు కడతారేమో, మా మండలంలో నాకెప్పుడూ కనపడలేదు.

మనం చేసుకోగలిగింది కూడా ఉంది. ఈ వాపులు వస్తాయి, పోతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజుకి వేలు మామూలుగా ఉంటుంది, మన మాట ఎవరూ నమ్మరు. వాచిన రోజే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, చర్మం మచ్చలవీ తియ్యండి. చెక్కు తీసుకుని మిల్లుకి వెళ్లినట్టు పాత చీటీలన్నీ తీసుకెళ్లండి. తలలో చుండ్రు అనుకునేది కూడా చెప్పండి. అమ్మకో నాన్నకో అన్నదమ్ములకో ఇలాంటి పొలుసులు ఉంటే అదీ చెప్పండి, ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. మడమ నొప్పి ఉన్న ప్రతివాళ్లకీ ఇదే అని నేను అనడం లేదు. నూటికి ఎక్కువమందికి అది మామూలు మడమ నొప్పే అయ్యుంటుంది. మడమ నొప్పి, పొలుసులు, పొద్దుటి బిగువు మూడూ ఒకే మనిషిలో ఉంటే మాత్రం ఆగొద్దు.

ఇప్పుడు పాలు నేనే తీస్తున్నా. ఒక గేదె చేపుతోంది, ఇంకోదానికి ఇంకా నా చెయ్యి నచ్చలేదు. ఆమె ఎండెక్కాక మామూలు పనులు చేసుకుంటుంది, కోతలకి వెళ్లనివ్వడం లేదు. కత్తిరించిన మెట్టెని కరిగించి కాస్త వదులుగా మళ్లీ చేయించాం.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం మా బావమరిది. ఆమెకి సొంత తమ్ముడు. మోచేతుల మీద మచ్చలు ఎనిమిదేళ్లుగా ఉన్నాయి. మొన్న పెళ్లిలో కలిస్తే కుంటుతున్నాడు. మడమా అని అడిగాను. "గట్ల మీద తిరుగుతున్నా కదా బావా, పని నొప్పిలే" అన్నాడు. గోళ్లు చూపించరా అంటే నవ్వి చేతులు జేబులో పెట్టుకున్నాడు. ఆదివారం ఆమెకి మాత్ర వేయించి, ఇద్దరం వాళ్ల ఊరు వెళుతున్నాం.